సల్లబడ్డ కాలును ‘వీక్‌నెస్’ అని ఇడిసిపెట్టొద్దు

కరోనా అంటే ఊపిరితిత్తుల జబ్బే అనుకున్నం మనమంత. వేలికి ఆక్సీమీటర్ పెట్టుకొని 94 ఉన్నదా, 92కు పడ్డదా అని లెక్కలు చూసుకుంట కూసున్నం. దుప్పటి కింద కాళ్లు సల్లగున్నయా, ఎచ్చగున్నయా అని ముట్టి చూసినోళ్లు ఎంతమంది?

ఇటలీలో వైరస్ ముందుగాల్ల ఇరగబడ్డ లంబార్డీ ప్రాంతంల, బ్రెషియా డాక్టర్లు 2020 మొదటి మూడు నెలలల్ల కాలికో చేతికో నెత్తురు ఆగిపోయిన కరోనా పేషెంట్లను 20 మందిని చూసిన్రు. గసొంటి కేసులు ముందటేడు కంటే మస్తు పెరిగినయ్. ఆపరేషన్ చేసి గడ్డ తీసినా కొందరికి మళ్ల నెత్తురు పారలే.

ఎందుకట్ల అయితది? రక్తనాళం లోపట ఒక సన్నటి పొర ఉంటది. అది నున్నగ ఉన్నంత సేపు నెత్తురు గడ్డ కట్టదు. వైరస్ సోకినప్పుడు ఒళ్లంత వాపు ప్రక్రియ లేస్తది, ఆ పొర దెబ్బతింటది. గడ్డ కట్టించే ప్రొటీన్లు నెత్తుట్ల పెరుగుతయ్. దీనికి తోడు జ్వరంతోని ఒంట్ల నీళ్లు తగ్గుతయ్, మనిషి మంచంల కదలకుంట పంటడు. గుండె నుంచి కాలికి పోయే ధమనిల గడ్డ అడ్డం పడ్డదంటే, దాని కిందికి ఆక్సిజన్ బంద్.

ఇక్కడ జనం, ఒక్కోసారి దవాఖానోళ్లు గూడ, పొరపాటు పడుతరు. కాళ్లల్ల గడ్డ అనంగనే వాపు కోసం చూస్తరు. వాపు, ఎరుపు, వేడి సిరల గడ్డకు గుర్తులు. ధమనిల గడ్డయితే కాలు ఉబ్బది. పాలిపోతది, సల్లబడుతది. ఒక్కసారే ఓర్వరాని నొప్పి లేస్తది. తర్వాత తిమ్మిరెక్కుతది, ఆఖరికి వేళ్లు కదలయి. అసలు మోసం గిక్కడనే: మొద్దుబారినంక నొప్పి తగ్గినట్టు అనిపిస్తది. ఇంటోళ్లు ‘నయమైతున్నది’ అనుకుంటరు. అది నయమవుడు కాదు, నరాలు చచ్చుబడుడు.

నెత్తురు పూర్తిగ ఆగితే కండ తట్టుకునేది సుమారు 6 గంటలే. ఆ గంటలను మనం కాపడం పెట్టుకుంట, తైలం రుద్దుకుంట పోగొడుతం. స్పర్శ లేని కాలికి వేడి పెడితే చర్మం కాలుతది, కాలినట్టు కూడ తెల్వది. కాలును దిండు మీద ఎత్తి పెట్టొద్దు, నెత్తురు ఇంక తగ్గుతది. రెండు పాదాలను ముట్టి పోల్చి చూడుండ్రి. పాదం మీద, లోపలి మడమ ఎనుక నాడి దొరుకుతుందా అని డాక్టర్‌ను చూడమనుండ్రి.

పట్నంల ఉన్నోళ్లకు నిమ్స్ లాంటి చోట రక్తనాళాల సర్జన్లు ఉంటరు. జిల్లాలల్ల ఒక దవాఖాన నుంచి ఇంకో దవాఖానకు పంపుకుంట పొద్దు గుంకుతది. అందుకే బయలెల్లే ముందే ఫోన్ చేసి రక్తనాళాల సర్జన్ ఉన్నడా అని అడుగుండ్రి. పోయినోళ్లకు హెపారిన్ ఇచ్చి, స్కాన్ తీసి, అవసరమైతే సన్నటి గొట్టం చివర బుడగతోని గడ్డను గుంజుతరు. ఈ బుడగ గొట్టాన్ని థామస్ ఫోగార్టీ 1960లల్ల తయారు చేసిండు. అంటే ఇదేం కొత్త వైద్యం కాదు, యాళ్లకు చేరుడే కష్టం.

డిశ్చార్జ్ అయినంక కొన్ని వారాల దాక గూడ ముప్పు పూర్తిగ పోదు. షుగర్ ఉన్నోళ్లు, పొగ తాగెటోళ్లు జర ఎక్కువ కనిపెట్టుకోవాలె. అట్లని పక్కింటోళ్లు వాడిన నెత్తురు పలుచన చేసే గోలీలు తెచ్చి మింగొద్దు. గవి ఎక్కువైతే కడుపుల, మెదడుల నెత్తురు కారుతది. డోసు డాక్టరే చెప్పాలె.