వన్యప్రాణి దర్శన యాత్ర – తల్లిదండ్రులకు కొన్ని సూచనలు

సెలవులు సమీపించినప్పుడెల్ల మా పాఠశాల పిల్లల తల్లిదండ్రులలో కొందరు మా వద్దకు వచ్చి, "అయ్యవారూ, ఈ సారి పిల్లలను అడవికి తీసుకొని పోవలెనని ఉన్నది. ఏనుగులను చూపి ఫోటోలు తీయవలెను. ఎక్కడికి పోవుట మంచిది?" అని అడుగుచుందురు. కోరిక మంచిదే. నేడు కెమెరా గల సెల్ ఫోను లేని ఇల్లు అరుదు. కొందరి ఇండ్లలో దూరపు వస్తువులను దగ్గరగా చూపు పెద్ద కెమెరాలును కలవు. అయితే యాత్రకు ఏర్పాట్లనగా బండి, బస, భోజనము మాత్రమే కాదు. మనము పోవు చోట నివసించు ప్రాణులకును మనుష్యులకును మన వలన కీడు కలుగకుండ ముందుగనే జాగ్రత్త పడుటయే వానిలో ముఖ్యమైనదని మా అభిప్రాయము. ఇది మేము పుస్తకములలో చదివి నేర్చినది కాదు. తప్పు చేసి నేర్చినది.

కొన్ని సంవత్సరముల క్రిందట సంక్రాంతి సెలవులలో కొందరు పిల్లలతో ఒక చెరువునకు పోయితిమి. గట్టు దగ్గరి పొట్టి తుమ్మచెట్ల మీద కొంగలు గూళ్ళు కట్టుకొని గ్రుడ్లు పొదుగుచుండెను. దూరము నుండి చూచినచో చాలియుండెడిది. కాని మంచి ఫోటో రావలెనను ఆశతో మేమే చెట్ల దగ్గరకు నడచితిమి. కొంగలన్నియు ఒక్కసారిగా లేచిపోయెను. అంతవరకు ఎక్కడ దాగియుండెనో, కాకులు వచ్చి, కాపు లేని గూళ్ళలోని గ్రుడ్లను ఎత్తుకొనిపోయెను. పిల్లలందరు చూచుచునే యుండిరి. ఏడవ తరగతి బాలిక యొకతె, "అయ్యవారూ, ఫోటో బాగుగ వచ్చినదా?" అని అడిగినది. ఎగతాళికి అడిగినది కాదు, నిజముగనే అడిగినది. మేము బదులు చెప్పలేకపోతిమి. నాటి నుండి ఎక్కడికి పోయినను, ఏమేమి చేయరాదో ముందు నిశ్చయించుకొని, పిమ్మటనే బండి మాట్లాడుచున్నాము.

ఇక ఎక్కడికి పోవలెనను ప్రశ్న. చిన్న పిల్లలకు రాయవేలూరునకు సుమారు 25 కిలోమీటర్ల దూరమున, జవ్వాది కొండల యొద్ద నున్న అమిర్ది జంతుశాల మొదటి పాఠముగా చాలును. అల్లరి చేయక నిలుచుట, కన్ను నిలిపి చూచుట అచ్చటనే నేర్పవచ్చును. కొంచెము ఎదిగిన పిల్లలకు మేము చెప్పు చోటు వేడంతాంగల్. కాంచీపురము మీదుగా పోవచ్చును. వేకువనే బయలుదేరి రాత్రికి ఇల్లు చేరవచ్చును.

వేడంతాంగల్ అనగా వేటగాండ్ర పల్లె అని అర్థము చెప్పుదురు. వేటగాండ్ర పేరు గల ఆ పల్లెయే పక్షులకు కాపు అయినది. సుమారు 30 హెక్టారుల చిన్న చెరువు అది. నీటిలో నిలిచిన చెట్ల మీద వేలాది పక్షులు గూళ్ళు కట్టును. వాని రెట్ట పడిన నీరు పొలములకు ఎరువు నీరై పారుటచే, ఆ ఊరి రైతులు తరతరములుగా వానిని కాపాడుచు వచ్చిరి. పక్షులను కొట్టరాదని 1798లో చెంగల్పట్టు కలెక్టరు వలన ఆ ఊరివారు పత్రము పొందిరి. 2022లో ఆ చెరువు అంతర్జాతీయ ప్రాముఖ్యము గల రామ్‌సర్ ప్రదేశముల పట్టికలో చేరినది. నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు పోవుటకు అనువైన కాలము. ఈశాన్య ఋతుపవనములు తప్పి చెరువు నిండనిచో పక్షులు తక్కువగ వచ్చును గనుక, ఆ సంవత్సరపు వాన సంగతి విచారించి బయలుదేరుట మంచిది. అచ్చట గట్టు మీద నుండియు, ఎత్తైన మంచె మీద నుండియు చూచుటయే గాని నీటి దగ్గరకు దిగనక్కరలేదు. పిల్లలతో పోవువారికి ఇంతకన్న మేలైన చోటు ఈ చుట్టుపట్ల లేదు.

ఏనుగుల మాట వేరు. పలమనేరు కొండల నుండి గుడియాత్తమునకు దిగి పాలారులో కలియు కౌండిన్య నది మన పిల్లలెల్లరు ఎరిగినదే. 1980 తరువాతి సంవత్సరములలో హోసూరు వైపు అడవుల నుండి ఏనుగులు చిత్తూరు జిల్లా కొండలకు వచ్చి నిలిచినవి. వాని కొరకు 1990లో సుమారు 357 చదరపు కిలోమీటర్ల కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. రాష్ట్రపు సరిహద్దు ఏనుగులకు తెలియదు. అవి గుడియాత్తము వైపు అడవులకును దిగుచుండును. పెద్ద ఏనుగునకు దినమునకు సుమారు 150 కిలోల మేత కావలయును. అడవిలో మేతయు నీరును తగ్గినప్పుడు చెరకు, అరటి, వరి, మామిడి తోటల మీద పడును.

మన పాఠశాల పిల్లలలో ఆ కొండల దిగువ పల్లెల వారును కలరు. ఏనుగు వచ్చిన రాత్రి ఆ ఇంట నిద్ర లేదు; మరునాడు ఆ పిల్లవాడు తరగతిలో కునుకుచుండును. మనకు వినోదమైనది వారికి ఒక సంవత్సరపు కష్టము. వేడంతాంగల్ రైతునకు పక్షి వలన లాభము కలదు గనుక కాపాడుట కొంత సులభము. గుడియాత్తము రైతునకు ఏనుగు వలన నష్టమే గాని లాభము లేదు. అయినను అతడు సహించుచున్నాడు. అట్టిచోటికి చూడబోవు మనము అతని కష్టమును పెంచరాదు. పొలములో ఏనుగు దిగినదని విని ఫోటోలకై గుంపుగా పరుగెత్తుట తగదు. జనుల కేకలకు బెదరిన ఏనుగు ఎటు పరుగెత్తునో ఎవరెరుగుదురు? ఆ దారిలో ఉండునది మనము కాదు, ఆ పల్లెవారే.

అభయారణ్యములోనికి అనుమతి లేక పోరాదని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము చెప్పుచున్నది. ఫోటోలు తీయుటకును అనుమతి కావలయును. కావున ముందుగా అటవీశాఖ కార్యాలయమున విచారించి, వారి సిబ్బంది తోడుగా, పగటివేళ, బండి దిగక పోవలయును. ఏనుగు చూపు మందమైనను వినికిడియు వాసన పట్టుటయు మిక్కిలి చురుకైనవి. చెవులు విప్పి తల ఎత్తి నిలిచినచో అది మనలను గుర్తించినదని తెలిసికొని మెల్లగా వెనుకకు తొలగవలయును. చిన్న పిల్లలను కాలినడకన ఆ అడవులకు తీసుకొనిపోవుట ఎంతమాత్రమును కూడదు.

చూచుటకు బైనాక్యులరు ఒకటి ఉన్నచో కెమెరా లేకున్నను లోటు లేదు. దాని మీద 8x42 అని యున్నచో, వస్తువు ఎనిమిది రెట్లు దగ్గరగా కనిపించుననియు, ముందరి అద్దము అడ్డుకొలత 42 మిల్లీమీటర్లనియు అర్థము. పిల్లల చేతికి ఇది చాలును. ఫోటోలకు ప్రొద్దుపొడుపు మొదలు తొమ్మిది గంటల వరకును, సాయంకాలము నాలుగు తరువాతను వెలుగు బాగుండును. సూర్యుడు మన వీపు వైపున ఉండవలయును. ఎగురు పక్షి స్పష్టముగ రావలెనన్నచో సెకనులో వెయ్యవ వంతు, లేక అంతకన్న తక్కువ కాలము మాత్రమే కెమెరా తెరచుకొనునట్లు పెట్టవలయును. రాత్రివేళ తిరుగు ప్రాణుల కన్నులలో ఫ్లాష్ వేయరాదు. తిండి చల్లియు, ఫోనులో కూత వినిపించియు పక్షులను పిలువరాదు. గూళ్ళను కదలించుట ఆ చట్టము ప్రకారము వేటతో సమానము. గూడు ఎక్కడ నున్నదో పదుగురికి ఫోనులో పంపుటయు మంచిది కాదు.

తమిళనాట ప్రసిద్ధుడైన ఎం. కృష్ణన్ గారు తానే కూర్చుకొన్న కెమెరాతో, నలుపు తెలుపు ఫోటోలే తీయుచు, 1950 నుండి 1996లో మరణించు వరకు ప్రాణులను గూర్చి పత్రికలో వ్రాయుచుండిరి. ఖరీదైన కెమెరా కన్న ఓపికయే ముఖ్యమనుటకు ఆయన జీవితమే సాక్ష్యము.

బట్టలు మట్టి రంగువో ఆకుపచ్చవో కట్టవలయును. నీరు, టోపీ, గాయపు మందు ఉండవలయును. అన్నింటికన్న ముఖ్యముగా ఒక్కొక్క బిడ్డకు ఒక నోటు పుస్తకము ఇవ్వవలయును. చూచిన ప్రాణి, చోటు, వేళ, అది చేయుచుండిన పని అందు వ్రాయించవలయును.

ఆ పుస్తకమున పేర్లు తెలుగున వ్రాయించుడని మా ప్రత్యేక మనవి. విజయదశమినాడు పాలపిట్టను చూచుట శుభమని మన పెద్దలు నమ్ముదురు. మన పిల్లవాడు దానిని చూచి తమిళమున పనంగాడై అనును, ఇంగ్లీషున రోలర్ అనును. పాలపిట్ట అను మాట మాత్రము ఎరుగడు. గరిటె వంటి ముక్కు గల కొంగను తమిళులు కరండివాయన్ అందురు, మనము తెడ్డుమూతి కొంగ అందుము. ఇరువురు చూచినది ఒక్కటే. మీన్‌కొత్తి మన లకుముకిపిట్ట. తూక్కణాంగురువి మన గిజిగాడు. తమిళ పేరు మరువనక్కరలేదు. తెలుగు పేరును చేర్చుకొనిన చాలును. ఇంట అవ్వయో తాతయో ఉన్నచో ఆ పేర్లు వారినే అడుగుడు. మాకు తెలియని పేర్లు ఎన్నియో మా పిల్లల అవ్వలే మాకు చెప్పిరి. 2015 నుండి తమిళనాట ప్రతి సంక్రాంతికి పొంగల్ పక్షి గణనము జరుగుచున్నది. ఇంటి పెరటిలో పదిహేను నిమిషములు నిలిచి లెక్కించినను అందు పాల్గొనవచ్చును. దూరయాత్రకు వీలులేనివారు దానితోనే ప్రారంభింపవచ్చును.

ఈ సంవత్సరము యాత్ర చేసిన పిల్లలు తమ నోటు పుస్తకములను మాకు చూపుదురు గాక. అందులో మంచి ఫోటో లేకున్నను మేము చింతింపము. మీరు వచ్చిన తరువాత కూడ ఆ పక్షులు అదే కొమ్మ మీద కూర్చుండియున్నవా అని మాత్రము అడుగుదుము.