విమానంలో పొగ: పైలట్ - కంట్రోలర్ సంభాషణ - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: ఎగురుతున్న విమానంలో పొగ కనిపించినప్పుడు పైలట్‌కూ, నేలమీది కంట్రోలర్‌కూ మధ్య సాగే సంభాషణ స్వరూపాన్ని స్విస్ ఎయిర్ 111 (1998), యూపీఎస్ 6 (2010) ప్రమాదాల ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. పొగకు కారణం తేలకముందే వ్యవధి ముగిసిపోతుంది కనుక, కారణాన్వేషణ కంటే దిగాలన్న నిర్ణయం ముందుండాలన్నది ఇందలి ప్రతిపాదన.

కీలకపదాలు: విమాన భద్రత, ఏటీసీ, పాన్ పాన్, మేడే, స్విస్ ఎయిర్ 111, యూపీఎస్ 6.

1. పొగ - అనిశ్చిత సంకేతం

ఇంజిన్ ఆగిపోతే ఆ సంగతి పరికరాలు చెబుతాయి. పొగ విషయం అలా కాదు. వాసన ఏసీ గొట్టాల నుంచి రావచ్చు, గోడల వెనుక కాలుతున్న తీగల నుంచీ రావచ్చు. మొదటిది ఇబ్బంది మాత్రమే, రెండవది ప్రాణాంతకం. ప్రారంభంలో ఈ రెండింటికీ తేడా తెలియదు. 1967 - 1998 మధ్య విమానాల్లో మంటలు చెలరేగిన 15 ఘటనలను కెనడా రవాణా భద్రతా మండలి పరిశీలించింది. ప్రమాద సూచన కనిపించినప్పటి నుంచి విమానం కూలిపోవడానికో, గత్యంతరం లేక దిగడానికో పట్టిన కాలం 5 నుంచి 35 నిమిషాలేనని అందులో తేలింది.

2. సంభాషణ నియమాలు

అంతర్జాతీయ నియమాల ప్రకారం ‘పాన్ పాన్’ అంటే తక్షణ సహాయం అక్కరలేని, కానీ భద్రతకు సంబంధించిన అత్యవసర పరిస్థితి. ‘మేడే’ అంటే తక్షణ సహాయం అవసరమైన తీవ్ర ప్రమాదం. ఈ మాటను బట్టే కంట్రోలర్ ఇచ్చే ప్రాధాన్యం నిర్ణయమవుతుంది. కంట్రోలర్ల శిక్షణలో ఆరు విధులను క్రమంగా బోధిస్తారు: సమాచారం అందిందని చెప్పడం, ఇతర విమానాలను దూరం చేయడం, ఆ ఫ్రీక్వెన్సీలో నిశ్శబ్దం పాటింపజేయడం, సంబంధిత అధికారులకు తెలపడం, పైలట్ కోరిన సాయం అందించడం, ఆలోచించుకునే సమయం ఇవ్వడం. చివరి విధి చిన్నదిగా కనిపించినా కీలకమైనది. పొగ నిండిన కాక్‌పిట్‌లో, ఆక్సిజన్ ముసుగు ధరించి మాట్లాడే పైలట్‌కు ప్రతి ప్రశ్నా అదనపు భారమే.

3. స్విస్ ఎయిర్ 111

1998 సెప్టెంబరు 2 రాత్రి న్యూయార్క్ నుంచి జెనీవాకు బయలుదేరిన ఎండీ-11 విమానంలో 229 మంది ఉన్నారు. కెనడా కాలమానం ప్రకారం 10:10కి కాక్‌పిట్‌లో వాసన వచ్చింది. అది ఏసీ వ్యవస్థదని పైలట్లు భావించారు. 10:14కి ‘పాన్ పాన్’ ప్రకటించి బోస్టన్ పేరు సూచించారు. అంతకంటే చాలా దగ్గరలో ఉన్న హాలిఫాక్స్‌ను మాంక్టన్ కంట్రోలర్ ప్రతిపాదించగా వెంటనే అంగీకరించారు. రన్‌వే ఇంకా 30 మైళ్ళుందని చెప్పినప్పుడు, ఎత్తు తగ్గడానికి అంతకంటే ఎక్కువ దూరం కావాలన్నారు. ఇంధనం ఎంత ఉందని అడిగితే 230 టన్నులన్న జవాబు వచ్చింది. నిజానికి అది మొత్తం విమానం బరువు. ఇంధనం పారబోయడానికి విమానం సముద్రం వైపు మళ్ళింది. 10:24కి పైలట్లు అత్యవసర స్థితి ప్రకటించారు. 10:31కి విమానం పెగ్గీస్ కోవ్ సమీపాన సముద్రంలో కూలింది. ఒక్కరూ మిగలలేదు.

నేరుగా దిగి ఉంటే బతికేవారన్న వాదన సహజంగానే తలెత్తింది. అయితే, ‘పాన్ పాన్’ ప్రకటించిన క్షణం నుంచే అత్యంత వేగంగా దిగడానికి ప్రయత్నించినా సురక్షితంగా చేరడం సాధ్యమయ్యేది కాదని దర్యాప్తు తేల్చింది. మంటను వ్యాపింపజేసినది విమానం గోడల్లోని ఉష్ణనిరోధక పొరల కవచం. నాడు పాటించవలసిన తనిఖీ పట్టిక పూర్తికావడానికే 20 నుంచి 30 నిమిషాలు పట్టేది. కాబట్టి లోపం వ్యక్తులది కంటే, ‘ముందు కారణం వెతుకు’ అని నేర్పిన పద్ధతిది.

4. యూపీఎస్ 6

2010 సెప్టెంబరు 3న దుబాయ్ నుంచి కొలోన్‌కు బయలుదేరిన బోయింగ్ 747 సరుకు విమానంలో మంట హెచ్చరిక మోగింది. సరుకులో లిథియం బ్యాటరీలున్నాయి. దోహా 100 మైళ్ళలోనే ఉందని బహ్రెయిన్ కంట్రోలర్ తెలిపినా, కెప్టెన్ దుబాయ్‌కే మళ్ళించాడు. ఆక్సిజన్ అందక కెప్టెన్ సీటు విడిచాడు, తిరిగి రాలేదు. పొగలో రేడియో మీటలు కనిపించక కో-పైలట్ ఫ్రీక్వెన్సీ మార్చలేకపోయాడు. బహ్రెయిన్ రేడియో పరిధి దాటాక, పరిసరాల్లోని ఇతర విమానాల పైలట్లే సందేశాలను అటూ ఇటూ చేరవేశారు. ఎత్తు ఎంత, వేగం ఎంత అన్న ప్రాణాధారమైన సమాధానాలు కూడా మూడు నోళ్ళు మారి ఆలస్యంగా అందాయి. హెచ్చరిక మోగిన అరగంటలోపే విమానం కూలి, ఇద్దరూ మరణించారు.

5. ముగింపు

మొదటి ఘటనలో సంభాషణ స్పష్టంగా సాగినా కాలం చాలలేదు. రెండవదానిలో సంభాషణే తెగిపోయింది. రెండూ ఒకే సత్యాన్ని చెబుతున్నాయి: పొగ చిక్కబడ్డాక చూపు, మాట, సమయం ఒక్కటొక్కటిగా దూరమవుతాయి. కనుక అవి మూడూ చేతిలో ఉన్న తొలి నిమిషంలోనే సమీప విమానాశ్రయాన్ని ఎంచుకోవాలి. సందేహం ఉంటే ‘మేడే’ అనడమే మేలు. ప్రమాదం లేదని తేలితే దాన్ని ఉపసంహరించుకోవచ్చు, పోయిన నిమిషాలను మాత్రం తిరిగి తెచ్చుకోలేం. కంట్రోలర్ వంతు బాధ్యత కూడా దీనికి తగినట్టే ఉండాలి: వీలైనంతవరకు ఫ్రీక్వెన్సీ మార్చమనకుండా, అత్యవసరమైన ప్రశ్నలే అడిగి, దూరం, దిశ, ఎత్తు వంటివి అడగకముందే అందించాలి.