గిన్నె ఖాళీగా తిరిగి రాదు

చందనవెల్లి: ‘పొరుగింటి పుల్లకూర రుచి’ అన్న సామెతను మనవాళ్ళు ఎగతాళికి వాడుతుంటారు. కాని షాబాద్ మండలం చందనవెల్లిలో గాని, చేవెళ్ళ, మొయినాబాద్ వైపు పల్లెల్లో గాని ఆ సామెతలో ఎగతాళి కంటె నిజమే ఎక్కువ. ఒక ఇంట పుండికూర పప్పు ఉడికితే గిన్నెడు పక్కింటికి పోతుంది. ఆ గిన్నె మర్నాడు ఉత్తగా తిరిగి రాదు. కాస్త పచ్చిపులుసో, గుప్పెడు మక్క గుడాలో, ఏమీ లేకుంటే చిటికెడు చక్కెరో వేసుకుని వస్తుంది. ఉత్త గిన్నె ఇయ్యరాదన్నది పెద్దల కట్టడి. ‘ఇదెట్ల చేసినవక్కా?’ అన్న ప్రశ్న కూడా ఆ గిన్నెతోనే గడప దాటుతుంది. వంట నేర్పే బడి లేని పల్లెల్లో వంట ఇల్లిల్లు తిరిగిన దారి ఇదే.

సద్దుల పంపకం

ఈ ఇచ్చిపుచ్చుకోవడాలకు పెద్ద పండుగ బతుకమ్మ. ఎంగిలిపూలతో మొదలై తొమ్మిదో నాడు సద్దులతో ముగిసే ఈ పండుగను 2014లో ప్రభుత్వం రాష్ట్ర పండుగగా ప్రకటించింది. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, వేపకాయలు, వెన్నముద్దలు ఇలా రోజుకొక తీరు నైవేద్యం. ఆరో నాడు అలిగిన బతుకమ్మ కనుక నైవేద్యం ఉండదు. ఆఖరు నాడు పెరుగు, చింతపండు, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వుల సద్దులు కడతారు. బతుకమ్మను చెరువులో సాగనంపి, ఆడవాళ్ళు గట్టు మీద కూర్చుండి ఒకరి సద్ది ఒకరు రుచి చూస్తారు. ఎవరి చేతిలో నువ్వులు మాడాయో, ఎవరి పులుపు కుదిరిందో అక్కడే తేలిపోతుంది.

నువ్వుల సద్దికి పావుకిలో బియ్యం పలుకుగా వండి ఆరబెట్టాలి. నాలుగు చెంచాల నువ్వులు, నాలుగు ఎండుమిరపకాయలు సన్నని మంట మీద దోరగా వేయించి, ఉప్పుతో దంచి అన్నంలో కలపాలి. పైన పల్లీలు, కరివేపాకు పోపు. నువ్వులు చిటపటమనగానే దించాలి. కాస్త ఆలస్యమైనా చేదెక్కుతాయి.

మలీదకు నాలుగు మందపు గోధుమ రొట్టెలు వేడి మీదనే చేత్తో నలపాలి. అందులో నూరు గ్రాముల బెల్లం తురుము, రెండు చెంచాల నెయ్యి, యాలకుల పొడి వేసి పిసికితే ముద్ద కడుతుంది. రొట్టె చల్లారితే బెల్లం పట్టదు.

వేణ్ణీళ్ళలోనే కిటుకు

కొత్త కోడళ్ళు ఎక్కువగా అడిగేది జొన్నరొట్టె సంగతి. గోధుమపిండిలో ఉండే జిగురు జొన్నపిండిలో ఉండదు. అందుకే చన్నీళ్ళు పోస్తే రొట్టె పగులుతుంది. గ్లాసు పిండికి ముప్పాతిక గ్లాసు మరిగే నీళ్ళు పోసి కలియబెడితే పిండి సగం ఉడికి జిగురు వస్తుంది. నీళ్ళు పిండిని బట్టి కొంచెం అటూ ఇటూ పడతాయి. చేయి పట్టేంత వేడి కాగానే బాగా మర్దించాలి. ఒక్కొక్క రొట్టెకు ఒక్కొక్క ముద్దను మళ్ళీ పిసికి, పొడిపిండి చల్లి అరచేత్తో తట్టాలి. పెనం మీద వేశాక పైన తడి చెయ్యి రాసి, తడి ఆరగానే తిరగేయాలి. పాత పిండితో రొట్టె విరుగుతుంది గనుక పదిరోజులకు సరిపడా మాత్రమే పట్టించుకోవడం మేలు.

దానికి తోడు పచ్చిపులుసు. నిమ్మకాయంత చింతపండును మూడు గ్లాసుల నీళ్ళలో పిసికి, కాల్చిన పచ్చిమిరప, పచ్చి ఉల్లి, కొత్తిమీర, ఉప్పు కలిపి, వేయించిన నువ్వుల పొడి చల్లి పోపు పెట్టాలి. పొయ్యి మీద మరిగించే పని లేదు.

జొన్న ఏది?

అయితే రొట్టె చేసే తీరు తెలిసినా, చేతిలో జొన్న ఉండాలి కదా! చందనవెల్లి భూముల్లో పారిశ్రామిక పార్కు వచ్చింది. చేలున్న చోట కంపెనీల షెడ్లు లేచాయి. భూమి పోయిన ఇంట జొన్నలు బజారులో కొనవలసిందే. భూమి ఉన్న ఊళ్ళలోనూ పత్తి, మక్కజొన్న ముందుకు వచ్చి తిండి జొన్న వెనుకబడింది. ఒకప్పుడు పేదవాడి తిండి అనిపించుకున్న దానికి ఇప్పుడు పట్నంలో గిరాకీ పెరిగింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. చిరుధాన్యాల మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ మన జిల్లాలోనే, రాజేంద్రనగర్‌లో ఉంది. జహీరాబాద్ ప్రాంతంలో పస్తాపూర్ మహిళా సంఘాలు పాత పంటల విత్తనాలు దాచి, సంక్రాంతి వేళ బండ్ల మీద ఊరూరా జాతర చేస్తూ వచ్చాయి. పెరట్లో నాలుగు సాళ్ళు జొన్న, ఒక మడి పుండికూర వేయగలిగిన వారు మన దగ్గరా లేకపోలేదు.

దాటని గడపలు

ఇంకొక మాట దాచరాదు. ఈ గిన్నె అన్ని గడపలూ తొక్కలేదు. కులం చూసి ఆగిన గిన్నెలు ఎన్నో. వాడకు పోయిన సద్ది ఉంది గాని, వాడ నుంచి వచ్చిన సద్దిని తిన్న ఇళ్ళు తక్కువ. పుచ్చుకోకుండా ఇవ్వడం దానమవుతుంది గాని స్నేహం కాదు. నేడు ఒకే ఆటోలో పనికి పోయి, ఒకే చెట్టు కింద డబ్బా మూతలు తీసే ఆడపిల్లలకు ఆ గీత చెరిపే అవకాశం ఉంది. పెద్దలు అడ్డు రాకుంటే చాలు.

పిడికెడు, చారెడు, చిటికెడు అనేవే మన అవ్వల కొలతలు. ఆ చెయ్యి లేకపోతే ఆ కొలతా పోతుంది. బడి పిల్లలు సెలవుల్లో అవ్వ పక్కన కూర్చుండి, ఆమె పిడికెడును గ్లాసుతో కొలిచి నోటు పుస్తకంలో రాసుకుంటే ఖర్చు లేని పని. పెద్దల మాట సద్దిమూట అన్నారు. ఈ బతుకమ్మకు ఆ మూట విప్పి, ఇదివరకు గిన్నె పోని ఇంటికి ఒక గిన్నె పంపితే పండుగ ఇంకొంచెం పెద్దదవుతుంది. అది కూడా ఉత్తగా తిరిగి రాదు.