ఇంట్లోనే చదివిస్తే ‘తల్లికి వందనం’ వస్తుందా?

మొన్న ఆత్మకూరు నుంచి మా అక్క ఫోన్. ‘‘స్కూలంటే చాలు, ఏడుస్తున్నాడ్రా. మూడో తరగతే కదా, మానిపించి ఇంట్లో నేనే చెప్పుకుంటా. తప్పా? తల్లికి వందనం ఆగిపోతుందా?’’

కోడ్ రాసుకునేవాడిని, చట్టాలు నాకేం తెలుసు! రాత్రంతా కూర్చుని చదివా.

2009 విద్యాహక్కు చట్టంలో హోమ్‌స్కూలింగ్ ఊసే లేదు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అంటుంది. చేర్చకపోతే శిక్ష మాత్రం రాయలేదు. 14 నిండాక ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టొచ్చు. అంటే దారి ఉంది.

చిక్కల్లా డబ్బు దగ్గరే. అమెరికాలో అరిజోనా లాంటి చోట్ల ఇంట్లో చదివించినా ప్రభుత్వం సొమ్మిస్తుంది. మన దగ్గర 2025 జూన్‌లో తల్లుల ఖాతాల్లో పడిన ఆ 13,000 రూపాయలకు బడిలో పేరుండాలి, 75 శాతం హాజరుండాలి. ప్రైవేటు బళ్లలో 25 శాతం ఉచిత సీట్లా? అవి ఒకటో తరగతిలో చేరేవాళ్లకే. మావాడు దాటేశాడు.

‘‘అయితే పదమూడు వేల కోసం వాణ్ణి ఏడిపించమంటావా?’’ అంది అక్క.

నాకు నోట మాట రాలేదు. కాసేపాగి, ‘‘మీ వీధి చివర సర్కారు బడి ఉందిగా అక్కా, అక్కడా ఆ డబ్బులొస్తాయి. ఒకసారి చూసి రారాదూ’’ అన్నా.

సోమవారం వాణ్ణి తీసుకుని వెళ్తోంది.