విప్పితే ఊలే!

ఊలు అల్లే ఆడవాళ్ళు నలుగురు చేరినచోట నవ్వులకు కరువుండదు. ఢిల్లీలో కాపురమున్న మా పిన్ని బాబాయికని అల్లిన స్వెట్టరులో ఇద్దరు బాబాయిలు పట్టేవారు! లెక్క సరిగానే ఉంది. అంగుళానికి 5 కుట్ల చొప్పున 36 అంగుళాలకు 180 కుట్లు ఎక్కించింది. చెయ్యి వదులు కావడంవల్ల అంగుళానికి నాలుగున్నరే పడ్డాయి. చుట్టుకొలత 40 అంగుళాలై కూర్చుంది! ముందుగా నాలుగంగుళాల చదరపు ముక్క ఒకటి అల్లి కొలుచుకుని ఉంటే ఈ తమాషా జరిగేది కాదు.

మా వదినైతే ముందువైపు రెండు భాగాలూ ఎడమవైపువే అల్లింది. బొత్తాలెక్కడ, కాజాలెక్కడ?

అయినా బెంగపడనక్కరలేదు. కత్తెర పడిన గుడ్డ మళ్ళీ అతకదు గాని, అల్లిక విప్పితే ఊలు మళ్ళీ ఉండ అవుతుంది. విప్పడానికి సిగ్గెందుకు?

దిద్దుకోలేని పొరపాటు మాత్రం ఒకటుంది. ఉన్ని స్వెట్టరును వేడినీళ్ళలో వేసి రుద్దకండి. ఉన్ని పోగులమీద కంటికి కనిపించని పొలుసులుంటాయి. వేడికీ రాపిడికీ అవి ఒకదానితో ఒకటి పెనవేసుకుని గుడ్డ బిగుసుకుపోతుంది. అయ్యగారి స్వెట్టరు అబ్బాయికీ పట్టదు. విప్పుదామన్నా పోగు ఊడిరాదు. కనుక అమ్మలూ, తప్పు అల్లినా ఫరవాలేదు గాని, తప్పు ఉతక్కండి!