మే నెల భువనగిరిలో కంప్యూటర్‌ను నీళ్లు ఎలా చల్లబరుస్తాయి?

గేమింగ్ కంప్యూటర్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల వేడిని వాటికి అంటుకున్న రాగి బ్లాకులు లాక్కుంటాయి. పంపు బ్లాకుల గుండా లూపుగా తిప్పే నీళ్లు ఆ వేడిని రేడియేటర్‌కు మోసుకెళ్తే, ఫ్యాన్లు దాన్ని గదిలోకి ఊదేస్తాయి. అంతే పరిమాణం గాలి కన్నా నీళ్లు 3,000 రెట్లకు పైగా వేడిని మోయగలవు. అయితే ఆ నీళ్లు గది కన్నా చల్లబడలేవు.

భువనగిరిలో మే ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. గది 36 డిగ్రీలుంటే లూపులో నీళ్లు 46 దాకా వెళ్లడం మామూలే. అందుకే ప్లాను రేడియేటర్‌తోనే మొదలుపెట్టండి. ఇక్కడి వేసవికి 360 మిల్లీమీటర్లవి రెండుంటే మేలు. కేసులో పడతాయో లేదో ముందే కొలవండి.

బోరు నీళ్లు మాత్రం పోయొద్దు. భువనగిరి ఉన్న ఉమ్మడి నల్గొండ జిల్లాను నేల నీళ్లలోని ఫ్లోరైడ్ ఎంత పీడించిందో ఇంట్లో పెద్దలను అడిగితే చెబుతారు. ఆ నీళ్లలో కరిగిన ఇతర లవణాలు కూడా ఉంటాయి, అవి బ్లాకులోని సన్నని కాలువల్లో గారలా పేరుకుని దారి మూసేస్తాయి. డిస్టిల్డ్ వాటర్‌లో తుప్పును, నాచును ఆపే ద్రావణం కలిపి వాడాలి. రాగి బ్లాకులకు అల్యూమినియం రేడియేటర్ జతచేయకండి. తడిలో ఈ రెండు లోహాలు కలిస్తే అల్యూమినియం కరిగిపోతూ ఉంటుంది.

లూపు బిగించాక లీకులు తెలిసేలా, మదర్‌బోర్డుకు కరెంటివ్వకుండా, ముందు పంపు ఒక్కటే ఒక రోజు నడపండి. జాయింట్ల కింద పెట్టిన టిష్యూ పేపరు పొడిగా ఉంటేనే మిగతా వైర్లు కలపండి.