తోట కూడ ఒక చరిత్ర గ్రంథమే

చరిత్ర అనగానే మన విద్యార్థుల మనస్సులో మెదిలేవి కోటలు, కొలువులు, యుద్ధాలు, శాసనాలు. తోటను చరిత్రగా భావించే అలవాటు మనకు లేదు. పచ్చగా ఉంటే సంతోషిస్తాము, ఎండిపోతే అయ్యో అంటాము, అంతటితో మరచిపోతాము.

కొంతకాలం క్రిందట మేము విద్యార్థులను వెంటబెట్టుకొని అలీసాగర్ తోటకు విహారయాత్రకు వెళ్ళాము. పూలను చూశాము, ఫోటోలు దిగాము, చెట్ల నీడలో భోజనాలు చేశాము. తిరుగు ప్రయాణంలో ఒక విద్యార్థి, "ఈ తోటకు నీరెక్కడిది సార్?" అని అడిగాడు. చెరువుదన్నాము. "చెరువుకు?" నిజాంసాగర్ కాలువదన్నాము. "కాలువకు?" మంజీర నది అన్నాము. బస్సు ఊరు చేరేలోపల మా జిల్లా చరిత్ర సగం మా మాటల్లోకి వచ్చింది. అప్పటివరకు తోటను చూచినామే గాని చదవలేదని మాకు ఆ రోజున తెలిసింది.

ఇట్లా తోటలను చదివే విద్యకు ఉద్యాన చరిత్ర అని పేరు. అది ఇటీవలి విద్య. ఇంగ్లండులో 1965లో గార్డెన్ హిస్టరీ సొసైటీ ఏర్పడింది. అది 2015లో మరొక సంస్థతో కలిసి గార్డెన్స్ ట్రస్ట్ అయింది. చారిత్రక ఉద్యానాల సంరక్షణపై 1971లో ఫ్రాన్సులోని ఫాంటెన్‌బ్లోలో అంతర్జాతీయ సదస్సు జరిగింది. అమెరికాలోని డంబార్టన్ ఓక్స్ పరిశోధన సంస్థ ఇస్లామీయ ఉద్యానాలపై నిర్వహించిన గోష్ఠి ప్రసంగాలు 1976లో గ్రంథరూపంలో వెలువడ్డాయి. 1981 మే నెలలో ఇటలీలోని ఫ్లారెన్సు నగరంలో నిపుణులు సమావేశమై ఒక ప్రకటన పత్రాన్ని రూపొందించారు. 1982లో అంగీకారం పొందిన ఆ పత్రమే నేటికీ ఈ విద్యకు మూలాధారం.

చారిత్రక ఉద్యానం కూడ కోట వలె, దేవాలయం వలె, మసీదు వలె ఒక స్మారక కట్టడమే అన్నది ఫ్లారెన్సు పత్రంలోని ముఖ్యాంశం. అయితే ఇది ప్రాణమున్న స్మారకం. రాయి నూరేండ్లు ఊరకున్నా రాయిగానే ఉంటుంది. తోట ఒక్క వేసవి నీరు లేకపోతే తోట కాకుండా పోతుంది. చెట్టు చస్తుంది, మరొకటి నాటవలసి వస్తుంది. అందువల్ల నిత్య పోషణయే తోటకు మొదటి సంరక్షణ అనీ, పూర్తి పరిశోధన జరుపకుండా పాత తోటను పునరుద్ధరించరాదనీ ఆ పత్రం నిర్దేశిస్తున్నది.

ఈ విద్యకు సంబంధించిన సదస్సులలో ఒక విశేషమున్నది. గదిలో కూర్చొని ప్రసంగాలు వినడం సగం పని మాత్రమే. తక్కిన సగం తోటలలో తిరగడం. కాగితం మీది పటం నేల వాలును చూపవచ్చు గాని, నీడ ఎప్పుడు ఎక్కడ పడుతుందో, ఏ గాలికి ఏ పరిమళం వస్తుందో చెప్పలేదు. కాబట్టి ఈ శాస్త్రంలో యాత్ర వినోదం కాదు, పరిశోధనలో భాగం. దానికొక చక్కని నిదర్శనం ఆగ్రాలో ఉన్నది. తాజ్‌మహల్‌కు ఎదురుగా యమున ఆవలి ఒడ్డున ఉన్న శిథిలాలను, షాజహాన్ తలపెట్టిన నల్లరాతి తాజ్‌మహల్‌కు పునాదులని జనం చెప్పుకొనేవారు. 1990ల దశకంలో జరిగిన త్రవ్వకాలలో అవి మెహతాబ్ బాగ్ అనే తోట శిథిలాలని, అక్కడి అష్టకోణపు కొలనులో తాజ్‌మహల్ ప్రతిబింబించేదని తేలింది. మట్టిని చదివిన పిమ్మట కట్టుకథ తొలగింది.

మన దక్కన్‌కు వద్దాము. హైదరాబాదు నగరంలో బషీర్‌బాగ్, జాంబాగ్, కుందన్‌బాగ్, బాగ్ లింగంపల్లి అనే పేర్లున్నవి. బాగ్ అంటే తోట. పేరు మిగిలింది, తోట పోయింది. గోల్కొండలోని నయా ఖిల్లాలో పురావస్తు శాఖవారు 2014 ప్రాంతంలో జరిపిన త్రవ్వకాలలో కుతుబ్‌షాహీల నాటి తోటకు చెందిన నీటి కాలువలు, మట్టి గొట్టాలు, తొట్లు, నడకదారులు బయటపడ్డాయి. ఆ తోటలోని పూలు, పరిమళాలు మాత్రం త్రవ్వకాలలో దొరకవు. అవి సాహిత్యంలో దొరుకుతాయి. మహమ్మద్ కులీ కుతుబ్‌షా దక్కనీ భాషలో తన తోటను వర్ణించాడు. బీజాపూరు కవి నుస్రతీ రచించిన 'గుల్షనె ఇష్క్' పేరులోనే పూదోట ఉన్నది. ఇటువంటి దక్కనీ కావ్యాల ఆధారంగా అలీ అక్బర్ హుసేన్ దక్కన్ తోటల పరిమళాలపై ఒక గ్రంథమే వ్రాశారు. అది 2000లో వెలువడింది. మన ప్రబంధ కవులకు ఉద్యాన విహారం అష్టాదశ వర్ణనలలో ఒకటి. మానవుడు స్వర్గాన్ని ఊహించినప్పుడు కూడ తోటనే ఊహించాడు. నందనవనమన్నా తోటయే, జన్నత్ అన్నా తోటయే. కావున దక్కన్ తోటల చరిత్రను వ్రాయదలచిన వానికి తెలుగు, ఉర్దూ రెండు కన్నుల వంటివి. ఈ రెండు భాషలను ఒక్క చోట చదివే మా విద్యార్థులకు ఇది గొప్ప అవకాశం.

ఇక అలీసాగర్. నిజామాబాదు నుండి బోధనుకు వచ్చే దారికి సమీపంలో, ఎడపల్లి మండలంలో ఈ చెరువు, గుట్టపై అతిథి గృహం, తోట ఉన్నవి. 1923-31 మధ్య మంజీరపై నిజాంసాగర్ నిర్మాణం జరిగింది. దాని రూపకర్త నాటి హైదరాబాదు రాజ్యపు చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన జన్మదినమైన జూలై 11ను నేడు తెలంగాణ ఇంజనీర్ల దినంగా జరుపుకొంటున్నాము. ఆ కాలువ నీటితోనే మెట్టనేలలు చెరకు తోటలైనవి, బోధనులో చక్కెర కర్మాగారం వెలిసింది, అలీసాగర్ పూదోట విరిసింది. కర్మాగారం 2015లో మూతపడింది. తోట ఇంకా బ్రతికి ఉన్నది. మంజీర నీరు చివరకు మా రెంజల్ మండలంలోని కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తున్నది. అక్కడికి దిగువన గోదావరి నీటిని తిరిగి మా పొలాలకు ఎత్తిపోసే పథకానికి కూడ అలీసాగర్ పేరే పెట్టారు. ఒక్క తోటను పట్టుకొని పోతే ఇంత చరిత్ర దొరికింది!

తోటను చదవడానికి పెద్ద పరికరాలేవీ అక్కరలేదు. మొదట నీరు ఎక్కడినుండి వచ్చి ఎక్కడికి పోతున్నదో గమనించాలి. తరువాత నేల వాలు, గోడలు, మెట్లు, దారులు చూచి ఒక పటం గీయాలి. పాత చెట్లను లెక్కించి, స్థానికులు వాటిని పిలిచే పేర్లు తెలుగులోను ఉర్దూలోను వ్రాసుకోవాలి. పాత ఫోటోలు ఇండ్లలో ఉంటే సేకరించాలి. అన్నిటికంటె ముఖ్యంగా, వృద్ధులైన తోటమాలులతో మాట్లాడాలి. ఏ మొక్క ఏ మట్టిలో నిలుస్తుందో, ఏ చెట్టు ఉన్న చోట ఇదివరకు ఏ చెట్టుండేదో వారికి తెలుసు. ఆ జ్ఞానం ఏ దఫ్తరంలోను లేదు. వారితోపాటే అది వెళ్ళిపోతుంది.

రాబోవు విద్యా సంవత్సరంలో మా విద్యార్థులు మళ్ళీ అలీసాగర్‌కు వెళ్తారు. ఈసారి భోజనపు డబ్బాలతోపాటు ఒక నోటు పుస్తకం, ఒక కొలత టేపు కూడ తీసుకొని వెళ్ళవలసిందిగా కోరుతున్నాము. వారు తెచ్చిన వివరాలను వచ్చే సంచికలో రెండు భాషలలోను ప్రకటించగలిగితే, మా ప్రాంతపు తోటకు అది తొలి చరిత్ర పాఠం కాగలదు.